స్లిప్‌లో జారిన క్యాచ్‌లు, జవాబు రాని మూడు ఉత్తరాలు

మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది రాసి మూడేళ్లయింది. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఇప్పుడు పదిమంది చదివేచోట రాస్తున్నాను.

నేను క్రికెట్ స్కోరర్‌ని. ఇరవై రెండేళ్లుగా ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా లీగ్ మ్యాచ్‌లకు స్కోర్ రాస్తున్నాను. బౌండరీ బయట ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు పెన్సిళ్లు. ప్రతి బంతికీ ఒక గుర్తు. పరుగు రాకపోతే చుక్క, వికెట్ పడితే డబ్ల్యూ. మ్యాచ్ అయ్యాక ఒక్కో బౌలర్ ఎన్ని ఓవర్లు వేశాడు, ఎన్ని పరుగులిచ్చాడు, ఎన్ని వికెట్లు తీశాడు అని ఒక వరుస రాస్తాం. దాన్ని అనాలిసిస్ అంటాం. సెలక్టర్లు చూసేది ఆ ఒక్క వరుసే.

మూడేళ్ల కిందటి ఎండాకాలం నాచారం టీమ్‌లో నర్సింహ అనే ఫాస్ట్ బౌలర్ ఆడేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. వారమంతా షిఫ్టు, ఆదివారం బౌలింగ్. అతని బంతి సరిగ్గా బ్యాట్ ముందుకొచ్చాక బయటికి తిరిగేది. అంచుకు తగిలి, కీపర్ పక్కన నిలబడే స్లిప్ ఫీల్డర్ దగ్గరికి పోయేది. చిక్కంతా అక్కడే.

పెద్ద క్రికెట్‌లో స్లిప్‌లో మంచి చేతులున్నవాణ్ని పెడతారు. మా లీగుల్లో పరిగెత్తలేనివాణ్ని పెడతారు. నాచారం స్లిప్‌లో కెప్టెన్ సుధాకర్ ఉండేవాడు. బ్యాట్లు, ప్యాడ్లున్న కిట్ అతనిదే, టీమ్‌లోకెల్లా పెద్ద పొట్టా అతనిదే.

"అన్నా, జర వంగరాదే!" అని నర్సింహ అరిచేవాడు.

"వంగితే మల్ల లేవాలె కదరా!" అని సుధాకర్ నవ్వేవాడు.

నేను నవ్వలేదు. జారిన క్యాచ్‌కు స్కోర్‌బుక్‌లో గడి లేదు. అదీ ఒక చుక్కే. అందుకే ఆ చుక్క మీద పెన్సిల్‌తో చిన్న త్రికోణం గీయడం మొదలుపెట్టాను. సీజన్ చివరికి నర్సింహ వికెట్లకు రెండింతలు త్రికోణాలు తేలాయి.

ఒక ఆదివారం ఘట్‌కేసర్ గ్రౌండ్‌కు సెలక్టర్ వచ్చాడు. నర్సింహకు నాలుగు వికెట్లు పడ్డాయి. ఆఖరి బంతి అంచుకు తగిలింది. సుధాకర్ మొదటిసారి వంగాడు, కానీ బంతి నేలకు తాకాకే చేతికొచ్చింది. అంపైర్ నాటౌట్ అన్నాడు. సుధాకర్ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కాకా, ఐదు రాయి. ఐదు తీసినోళ్లనే సెలక్షన్ క్యాంపుకు పిలుస్తరట. ఎవరికి తెలుస్తది?"

వెనకే నర్సింహ. "ఈ ఏడు దాటితే నన్నెవడు సూస్తడు కాకా?"

"అంపైర్ ఇయ్యనిది నేనెట్ల రాస్త?" అన్నాను. రాయలేదు. నర్సింహ రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే, ఊరికే కూర్చోలేక పుస్తకం పట్టుకుని సెలక్టర్ దగ్గరికి వెళ్లాను. "సార్, ఈ త్రికోణాలు ఒకసారి చూడండి" అన్నాను. పుస్తకం వైపు తిరగకుండానే, "స్కోరర్‌వి. స్కోర్ రాసుకో" అన్నాడు. అప్పుడు ఆయన చేతిలో సగం తిన్న సమోసా ఉంది. అదీ గుర్తుంది నాకు.

మర్నాడే మొదటి ఉత్తరం రాసి, ఆ పేజీల జిరాక్స్ జతచేసి సెలక్షన్ కమిటీకి పంపాను. మాటలు కలిశాక ఇంకో సెట్టు నర్సింహకు ఇచ్చాను. ఆ తరువాత రెండేళ్లలో మరో రెండు ఉత్తరాలు పోయాయి. క్యాంపు నుంచి పిలుపు రాలేదు.

పోయిన ఏడాది దేశమంతా చూసే పెద్ద లీగ్‌లోని ఒక టీమ్ ఉప్పల్ స్టేడియంలో ప్రాక్టీస్‌కు దిగింది. బ్యాటర్ల సాధన కోసం బయటివాళ్లను నెట్ బౌలర్లుగా పిలుస్తారు. నర్సింహ షిఫ్టు మార్చుకుని వెళ్లాడు. పేరుమోసిన ఒక బ్యాటర్ బ్యాట్ అంచుకు బంతిని మూడుసార్లు తగిలించాడు. కోచ్ దగ్గరికి పిలిచి వికెట్లెన్ని అని అడిగితే, నర్సింహ కిట్ బ్యాగ్‌లోంచి నా జిరాక్స్ కాగితాలు తీసి ఇచ్చాడు.

"ఈ త్రికోణాలేమిటి?" అన్నాడు కోచ్.

"అవి మా కెప్టెన్ పొట్ట సార్" అన్నాడట నర్సింహ.

కోచ్ నవ్వి, ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడట. పది రోజులకు ఆ టీమ్ బౌలర్ ఒకడు గాయపడితే, ఆ స్థానంలో నర్సింహను తీసుకున్నారు.

మొదటి మ్యాచ్ ఉప్పల్‌లోనే. గ్యాలరీలో నేను, పక్కన సుధాకర్, నా ఒళ్లో స్కోర్‌బుక్. నాలుగో బంతి అంచుకు తగిలింది. అలవాటుగా నా చెయ్యి త్రికోణం మొదలుపెట్టింది. రెండు గీతలు పడేలోపే స్లిప్‌లో ఉన్నవాడు పట్టేశాడు. ఆ రెండు గీతలూ చెరిపి గబగబా డబ్ల్యూ రాశాను. ఆ డబ్ల్యూ ఇప్పటికీ వంకరగానే ఉంది, దిద్దలేదు.

"మస్తు వంగుతుండు గద వాడు" అన్నాడు సుధాకర్ చిన్నగా.

మొత్తం నాలుగు వికెట్లు. మూడు స్లిప్‌లోనే. మ్యాచ్ అయ్యాక నర్సింహ ఫోన్ చేశాడు.

"రాసినవా కాకా?"

"రాసిన. నాలుగు."

"గిప్పుడు గూడ ఐదు రాయవా?" అని పెద్దగా నవ్వాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను తలెత్తుకున్న రోజు అది.

టీవీలో అతను ఎక్కడి నుంచో ఊడిపడ్డాడన్నారు. ఎక్కడి నుంచో కాదు, నాచారం నుంచి. ఆ సమోసా సెలక్టరేమో, "మేం ఇతన్ని ఎప్పటినుంచో గమనిస్తున్నాం" అని పేపర్‌కు చెప్పాడు.

నాకు తెలిసొచ్చింది ఒకటే. అబద్ధం రాయకపోయినా నిజం కనబడకుండా పోతుంది, దానికి గడి లేకపోతే చాలు. ఇవాళ కూడా ఏదో ఒక గ్రౌండ్‌లో ఇంకో నర్సింహ వేసిన బంతి ఇంకో పొట్టకు తగిలి కింద పడుతూనే ఉంటుంది.

గమనించిన సెలక్టర్ గారూ, నా మూడు ఉత్తరాల్లో అడిగింది ఒకే ప్రశ్న. స్కోర్‌షీట్‌లో జారిన క్యాచ్‌కు ఒక గడి పెడతారా, పెట్టరా? ప్రతి ఆదివారం ఘట్‌కేసర్ గ్రౌండ్‌లో ఆ బల్ల దగ్గరే ఉంటాను. అవునో కాదో వచ్చి చెప్పండి.