జనానా గది ముందు నా దగ్గు

నాకు చిన్నప్పటి నుంచీ మర్యాద అనే జబ్బు ఉంది. ఎవరి కాలు నేను తొక్కినా, నా కాలు ఎవరు తొక్కినా క్షమాపణ చెప్పేది నేనే. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నేను మా అమ్మ దగ్గర కూడా "మీరంతా తిన్నాక చూద్దాం లెండి" అనేవాణ్ణి. దఫ్తరులో మా పెద్ద గుమాస్తా కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, తహజీబ్ అంటే ఇదీ అని చెప్పేవాడు. మా అత్తగారు మాత్రం నోట్లో నాలుక లేనివాడనేది. ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు.

ఈ జబ్బుకు తోడు చప్పుడంటే పడదు, అందులోనూ పసిపిల్లల చప్పుడు. పెళ్ళికి ముందు ఒకసారి సికింద్రాబాద్ స్టేషనులో బండి కోసం కూర్చుని, పక్కనున్న ఆడవాళ్ళ వెయిటింగ్ రూములోని గోల భరించలేకపోయాను. ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని, తల్లులు తమ పిల్లలను సాటి ప్రయాణికులకు తక్లీఫ్ కలగని రీతిలో ఏడిపించుకోవలసిందని శుద్ధమైన ఉర్దూలో మనవి రాశాను. వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. పిల్లలు లేనివాడికి పిల్లల పెంపకంలో ఉన్నంత పాండిత్యం మరెవరికీ ఉండదు.

తర్వాత నాకూ పెళ్ళయింది. భార్యది బెజవాడ. ఏడో నెలలో పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకే మా సంస్థానానికీ అవతలి ఇండియాకూ మధ్య రాకపోకలు పూర్తిగా చెడిపోయాయి. బండి ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగేది. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ పిల్లా క్షేమమనీ రాసిన కార్డు నాకు మూడు వారాలకు చేరింది. ఆ పైన ఇండియా సైన్యం సంస్థానంలోకి దిగి పోలీసు చర్య జరిగింది. అయిదు రోజుల్లో అయిపోయిందని అందరూ తేలిగ్గా చెబుతారు. అల్వాల్‌లో మా ఇంట్లో ఒక్కడినే తలుపులు వేసుకుని ఆ కార్డు పదేపదే చదువుకున్నవాడికి అవి అయిదు రోజుల్లా గడవలేదు. బెజవాడ నుంచి ఏ కబురూ లేదు. నాకు నాలుగు నెలల కూతురు ఉంది, దాని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

చివరికి బళ్ళు మళ్ళీ నడవడం మొదలుపెట్టాక తంతి వచ్చింది. మా ఆవిణ్ణీ పిల్లనూ ఆవిడ మేనమామ తీసుకొస్తున్నాడు, బండి గురువారం సాయంత్రానికి చేరుతుంది. నేను ఉతికిన షేర్వానీ వేసుకుని, మూడు గంటలకే సైకిలు మీద స్టేషనుకు చేరాను. బండి మధ్యాహ్నమే వచ్చేసిందట. బళ్ళు తిరిగి వచ్చాయి గానీ వాటి వెంట టైంటేబులు ఇంకా రాలేదు. మేనమామ మా ఆవిణ్ణి స్టేషనులో కూర్చోబెట్టి, నన్ను పిలుచుకురావడానికి టాంగా కట్టించుకుని అల్వాల్ వెళ్ళాడని తర్వాత తెలిసింది. దారిలో మేమిద్దరం ఎదురుపడే ఉంటాం. ఎదుటివాళ్ళను తేరిపార చూడటం మర్యాద కాదని నేను తల వంచుకుని సైకిలు తొక్కుతాను.

టిక్కెట్ కలెక్టరును అడిగితే ఆయన చేయి చూపించాడు. "బెజవాడ బండి ఎప్పుడో వచ్చింది సాబ్. తీస్కపోయెటోళ్ళు రాని ఆడోళ్ళందరు గా జనానాల కూసున్నరు. పోయి పిలుచుకోన్రి."

పిలుచుకోమని ఎంత సులువుగా అన్నాడు! జనానా గది గుమ్మానికి మందమైన ఆకుపచ్చ తెర వేలాడేది. మగవాడు తెర దాటకూడదు. పోనీ బయటి నుంచి పిలుద్దామంటే, పెళ్ళాన్ని నలుగురిలో పేరు పెట్టి పిలిచే మొగుడు ఆ రోజుల్లో హిందువుల్లో లేడు, ముసల్మానుల్లో లేడు. అందుకని మొగుళ్ళందరూ తెర ముందు నిలబడి దగ్గేవాళ్ళు. ఒకాయన ఖంగున దగ్గగానే తెర కదిలి ఒక బుర్ఖా బయటికి వచ్చేది. ఇంకొకాయన రెండుసార్లు గొంతు సవరించగానే చంకలో పిల్లతో ఒక నేతచీర వచ్చేది. ఒక్కసారి కూడా తప్పు మనిషి రాలేదు. లోపల మాత్రం సంత. పిల్లల ఏడుపులు, గిన్నెల మోత, తెలుగులో ఒక జోలపాట, ఉర్దూలో ఇంకో జోలపాట, తాలూకాల నుంచి పిల్లాజెల్లాతో పారిపోయి వచ్చినవాళ్ళ మాటలు. ఆ గోలలో నా భార్య ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

గుమ్మం పక్కన స్టూలు మీద పాన్ నములుతూ ఒక ముసలి ఆయా కూర్చుంది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తున్నారు. నన్ను చాలాసేపు గమనించి తనే పలకరించింది.

"ఎవరు గావాలె సాబ్?"

"మా ఇంట్లోవాళ్ళు."

"ఇంట్లోళ్ళయితే ఇంట్ల ఉంటరు. ఈడున్నామె పేరేందీ?"

నా చెవులు వేడెక్కాయి. ఆ పేరు నేను ఇంట్లో గోడలకు కూడా వినిపించలేదు. జేబులోంచి కాగితం తీసి, పేరు రాసి, వినయంగా అందించాను. ఖాలా దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చింది.

"నాకు సదువొస్తే ఈ స్టూలు మీద ఎందుకు గూసుంట సాబ్? పోనీ, మనిషెట్లుంటదో చెప్పు."

పరాయి వాళ్ళ దగ్గర భార్య రూపం వర్ణించడమా? "మామూలుగనే ఉంటారు" అన్నాను.

"లోపలున్నోళ్ళందరు మామూలుగనే ఉన్నరు. బిడ్డెట్లుంటది?"

"ఇంకా చూడలే ఖాలా. నాలుగు నెలలయింది పుట్టి."

ఆమె నమలడం ఆపేసింది. "యా అల్లా! సూడనే లేదా?" అని నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి, "పరేషాన్ గాకు సాబ్. జెర గట్టిగ దగ్గు. నీ దగ్గు ఆమెకు ఎరుకైతది" అని చెప్పింది. ఇంతలో సాయంత్రపు అసర్ నమాజుకు వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

నేను దగ్గాను. అది దగ్గు కాదు, దగ్గుకు పెట్టుకున్న దరఖాస్తు. లోపలి గోలలో నాకే వినబడలేదు. రెండోసారి కొంచెం పెంచాను. అప్పుడు తెర పక్క నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి, అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊగింది. మరీ దగ్గరగా నిలబడ్డందుకు ఎవరో అభ్యంతరం చెబుతున్నారనుకుని సిగ్గుతో నీళ్ళ కొళాయి దాకా వెనక్కి జరిగాను. అక్కడి నుంచి మూడోసారి దగ్గాను. చెయ్యి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా విసురుగా ఊగింది. బరువు తూచే మిషను దాకా పోయాను. ఇంకొక్కసారి ఊపి ఉంటే అల్వాల్ దాకా పోయేవాణ్ణి. పరాయి మగవాడితో ఆడవాళ్ళు మాట్లాడకూడదు, పరాయి ఆడవాళ్ళను మగవాడు అడగకూడదు. ఈ రెండు మర్యాదల మధ్య మిషనుకు ఆనుకుని నిలబడ్డాను.

మిగతా మొగుళ్ళు ఒక్కొక్కరే తమ వాళ్ళను తీసుకుని వెళ్ళిపోయారు. చివరికి నేనే మిగిలాను. అప్పుడు లోపలి గోల సన్నబడటం మొదలయింది. ముందు గిన్నెల మోత ఆగింది. జోలపాటలు రెండూ ఆగాయి. మాటలు గుసగుసలయ్యాయి, తర్వాత అవీ లేవు. చివరికి ఏ చప్పుడూ లేదు.

జీవితమంతా నిశ్శబ్దం కావాలని కోరుకున్నవాణ్ణి, అది ఎదురుగా వచ్చి నిలబడితే వణికిపోయాను. ఆ గొడవల నెలల్లో మేము నేర్చుకున్నది ఒకటే, నలుగురున్న చోట ఒక్కసారిగా మాటలాగిపోతే ఏదో జరిగిందన్న మాట. గదికి అవతలివైపు ఇంకో తలుపు ఉందేమో. అందరూ అటు నుంచి వెళ్ళిపోయారేమో. అసలు నా వాళ్ళు బండి ఎక్కనే లేదేమో. దారిలో దింపేశారేమో. నాలుగు నెలలు గుండెలో అదిమిపెట్టిన భయమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

పేరు పెట్టి అరిచాను.

ఆ పేరు ఇక్కడ రాయను, ఒకసారి బయటపెట్టి పడ్డది చాలు. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. కూలీలు నెత్తిన మూటలతో అలాగే ఆగిపోయారు. అవతలి ప్లాట్‌ఫారం మీది సిపాయి ఒకడు లేచి నిలబడ్డాడు.

లోపల ఒక పసిపిల్ల కెవ్వుమంది. వెంటనే రెండో పిల్ల, మూడో పిల్ల, ఆ పైన గది మొత్తం. తెర ఒక్క ఊపున పక్కకు పోయింది. ఇందాకటి దాకా నాతో పెదవి కదపని ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏం మనిషివయ్యా! జెరంతన్న అకల్ లేదా?"

"పొద్దుగాల్నుంచి ఏడ్చి ఏడ్చి గిప్పుడే పండుకున్నది పొల్ల!"

"చెయ్యి ఊపి ఆగమంటె ఆగవైతివి!"

వాళ్ళ మధ్య నుంచి నా భార్య వచ్చింది. చిక్కిపోయింది. భుజం మీద పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అందరి ముందూ తన పేరు విన్నందుకు ఆమె ముఖం ఎర్రబడి ఉంది.

"కాజీపేట నుంచి ఏడుస్తూనే ఉందండీ. పాలు తాగదు, ఊపితే ఊరుకోదు. ఇప్పుడే కునుకు పట్టింది" అంది. "మీ దగ్గు మొదటిసారే విన్నాను. మీరేనని తెలుసు. నేను కదిలితే లేస్తుందని కదల్లేదు. ఆగమని గుమ్మం దగ్గర కూర్చున్నావిడ చేత చెయ్యి ఊపించాను. దీని కోసం పాపం వీళ్ళంతా మాటలు మానేసి, వాళ్ళ పిల్లల నోళ్ళు కూడా మూసి కూర్చున్నారండీ."

పిల్లను నా చేతుల్లో పెట్టింది. నాలుగు నెలలుగా ఊహించుకున్న ముఖం ఎదురుగా ఉంది గానీ, అంతా తెరిచిన నోరే అయి ఇంకేమీ కనబడలేదు. ముక్కు ఎవరిదో, కళ్ళు ఎవరివో చూద్దామంటే ముఖం నిలవనివ్వదు. ఎంత తేలిగ్గా ఉందో, ఎంత వేడిగా ఉందో! నా షేర్వానీ గుండీ ఒకటి పట్టుకుని లాగుతూ, నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టే ఏడుస్తోంది.

గుమ్మంలో ఆడవాళ్ళు పిల్లలను భుజాల మీద వేసుకుని ఊరుకోబెడుతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ నేను తెలియదు, నా భార్య తెలియదు. తల వంచుకుని, "మాఫ్ చేయండి" అన్నాను.

ఖాలా నమాజు ముగించుకుని అప్పుడే వచ్చింది. నన్నూ, నా చేతిలోని పిల్లనూ చూసి నవ్వింది.

"జెర గట్టిగ చెప్పు సాబ్. పిల్లలు ఏడుస్తున్నరు, లోపలోళ్ళకు ఇనబడతలేదు."

మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికి నేను కూడా ఏడుస్తున్నాను.