ఆవు కథ ఎవరిది

బీదర్‌లో ఈ మధ్య లామినేషన్ చేయించని కాగితం కనపడటం లేదు. పొద్దున బస్సెక్కే ముందు నేను చాయ్ తాగే హోటల్లో ధరల పట్టికను కూడా లామినేషన్ చేయించారు. లోపల పాత ధరలు భద్రంగా ఉన్నాయి. కొత్త ధరలను ప్లాస్టిక్ మీద మార్కర్‌తో రాస్తారు. ఎవరిదో మోచెయ్యి తగిలి అవి చెరిగిపోతాయి. ఇక గల్లా దగ్గర రోజూ ఒక పంచాయితీ. మా బావమరిది తన పదో తరగతి మార్కుల పట్టికను లామినేషన్ చేయించి దాచుకున్నాడు. ఆ మార్కులు నాకు తెలుసు. వాటిని చెదలకు వదిలేయడమే మర్యాద.

నిజానికి నాకు ప్లాస్టిక్ మీద పగేమీ లేదు. నా బాధంతా ఒక చెప్పుల పెట్టెతో.

నేను కర్ణాటక సర్కారు ప్రాథమిక పాఠశాలలో పంతుల్ని. బడి ఔరాద్ దాటాక, తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్న ఒక ఊళ్లో ఉంది. అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంతలో మరాఠీ వింటారు, బడికొచ్చి కన్నడంలో చదువుకుంటారు. నాకు మాత్రం బీదర్ బజారులో పుట్టిన పుణ్యాన మూడూ వచ్చు. మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. ఏ ఒక్క భాష రాకపోయినా అక్కడ ఒక గిరాకీ చేజారిపోతుంది.

బడిలో మేం ముగ్గురం, తరగతులు ఐదు. ముగ్గురికి ఐదు తరగతులు ఎలా పంచాలో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు కాబట్టి, ఇద్దరు చెరో రెండు పట్టుకుంటాం, మిగిలినదాన్ని హెడ్మాస్టరు కాగితాల పని మధ్యలో చూసుకుంటారు. ఆయన గదిలో ఒక స్మార్ట్ టీవీ ఉంది. దుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పి ఉంటుంది. తువ్వాలును వారానికోసారి ఉతికిస్తాం. ఊరి మొదట్లో పసుపుపచ్చ వ్యాన్ ఒకటి రోజూ ఆగి ఇంగ్లిష్ మీడియం పిల్లల్ని ఎక్కించుకుని పోతుంది. ప్రతి జూన్‌లోనూ మా వరసల్లోంచి ఇద్దరు ముగ్గురు ఆ వ్యాన్‌లోకి మారతారు. పోతూ పోతూ మాకు చెయ్యి ఊపుతారు కూడా. సంస్కారం మేమే నేర్పాం.

మూడో మనిషి గెస్ట్ టీచరమ్మ. గెస్ట్ అంటే, జూన్‌లో కొత్తగా ఆర్డరు వస్తేనే ఆమె మాకు టీచరు. ఖటక్ చించోళి దగ్గర ఆమె ఊరు, ఇంటి భాష కన్నడం. రెండేళ్ల కిందట వచ్చినప్పుడు ఆమెకు తెలుగులో 'నీళ్లు' ఒక్కటే వచ్చు. దాన్ని కూడా దాహం వేసినప్పుడే వాడేది.

పోయిన వానాకాలంలో ఒకరోజు ఆమె రెండో తరగతిలోంచి గోల వినిపించింది. ఆ రెండో తరగతి నాకు తెలుసు. ఏది అడిగినా నేల చూసే తరగతి అది. ఏమైందో చూద్దామని చాక్‌పీసు అడిగే వంకతో వెళ్లాను. నా జేబులో అప్పటికే రెండు చాక్‌పీసులు ఉన్నాయి.

నేల మీద చెప్పుల పెట్టె ఉంది. దాని చుట్టూ పిల్లలు. పెట్టె నిండా లామినేషన్ చేసిన కార్డులు, మూలలు గుచ్చుకోకుండా గోళ్ల కత్తెరతో గుండ్రంగా తీసినవి. ఒక కార్డుకు ఒక వైపు పాము బొమ్మ, కింద కన్నడంలో 'హావు'. తిప్పితే ఆవు బొమ్మ, కింద కన్నడ అక్షరాల్లోనే మన తెలుగు 'ఆవు'. ఇంకో కార్డు ఒక వైపు పులి, 'హులి'. వెనక వడ్రంగి 'ఉలి'. మరోటి ఒక వైపు గ్లాసెడు పాలు, 'హాలు'. వెనక పెళ్లికూతురు, 'ఆలు'. మా పిల్లలు హకారం పలకరు. వాళ్ల నోట్లో పామూ ఆవూ ఒకటే, పాలూ పెళ్లామూ ఒకటే. ఆ చిక్కునే టీచరమ్మ ఆటగా మార్చింది. బొమ్మ చూడటం, పలకడం, తిప్పడం, మళ్లీ పలకడం. హకారం కోసం ఒక పిల్ల అరచేతిని నోటి ముందు పెట్టుకుని గాలి తగిలిందో లేదో చూసుకుంటోంది.

చివరి కార్డు చూసేసరికి నా గొంతులో పులితేన్పు లాంటిదేదో వచ్చింది. ఒక వైపు తలుపు వెనక వెతుకుతున్న పిల్ల. కన్నడంలో 'ఎల్లి', అంటే ఎక్కడ. వెనక గుట్ట మీద పొద్దు పొడుపు. ఈ పల్లెల తెలుగులో 'ఎల్లి', అంటే రేపు.

ఎందుకంటే ఆవు నాది. పాము నాది. ఎల్లి కూడా నాదే.

ఇక్కడ నా కథ చెప్పాలి. ఉద్యోగం కొత్తలో నేను ఈ బడిలోనే చేశాను. తర్వాత నిర్ణా వైపు బదిలీ అయి, నాలుగేళ్ల కిందట తిరిగొచ్చాను. ఆ మొదటిసారి ఇక్కడ మైసూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద సారు ఉండేవారు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఒకనాడు రెండో తరగతిలో, గుమ్మం దగ్గర నేను వింటుండగానే, మీ ఇంట్లో ఏమేం ఉన్నాయని కన్నడంలో అడిగారు. ఒక పిల్ల లేచి "ఆవు" అంది. ఇక్కడి పిల్లలు హకారం మింగేస్తారని ఆయనకు అప్పటికే ఎవరో చెప్పి ఉన్నారు. ఆ ఎవరో నేనే. కాబట్టి సారు ఆ మాటను తనే దిద్దుకుని 'హావు'గా విన్నారు. ఇంట్లో పాము! కంగారుపడి, "హావు ఎల్లి?" అని అడిగారు, పాము ఎక్కడ అని. ఆ పిల్ల చెవికి అది 'ఆవు, రేపు' అని పడింది. సారు తెమ్మంటే కాదంటారా? తలూపి కూర్చుంది.

తెల్లారి ప్రార్థన వేళకు ఆవును తాడు పట్టి తోలుకొచ్చింది. గేటు దగ్గర నుంచే "సార్, ఆవు!" అని కేకేసింది. సారుకు ఆవు కనపడలేదు, మాట మాత్రం వినపడింది. రెండు కాళ్లూ కుర్చీ మీదికి ఎత్తుకున్నారు.

ఇక్కడ జనం నవ్వుతారు. ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నారు. బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో, ట్రైనింగుల్లో చెప్పాను. 'పిల్లల ఇంటి భాష నుంచి పాఠం మొదలుపెట్టండి' అని ట్రైనింగులో ఒక పెద్దాయన తెర మీద చూపించిన రోజున కూడా, చాయ్ విరామంలో నా చుట్టూ ఉన్నంత మంది ఆయన చుట్టూ లేరు. చెప్పగా చెప్పగా కథ బలిసింది. మూడో ఏట నుంచి ఆవు హాజరు రిజిస్టరు తినడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తాడు పట్టుకుని నిలబడటంతో కథ అయిపోతుంది. తర్వాత ఆమె ఏమైందో కథలో లేదు. అప్పటికి అందరూ నవ్వుతుంటారు కాబట్టి ఎవరూ అడగరు.

మా స్టాఫ్ రూమ్‌లో ఇది నెలకోసారైనా చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూమ్‌కూ వంటగదికీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. అవతల మధ్యాహ్న భోజనం వండే అక్క పప్పు తిప్పుతూ ఉంటుంది. ముప్పై దాటని మనిషే అయినా బడిలో అందరికీ అక్కే. ఆమె ఎప్పుడూ నవ్వలేదు. వంటగదిలో పొగ ఎక్కువ కదా అనుకునేవాణ్ణి.

టీచరమ్మ నా కథ విన్నదనీ, దాన్ని కత్తిరించి పెట్టెలో పెట్టుకుందనీ నాకు ఖాయమైపోయింది. అసూయ అనను. అసూయ పెద్ద మాట. ఆ పెట్టె చెప్పుల పెట్టె అని అవకాశం దొరికినప్పుడల్లా అందరికీ గుర్తు చేసేవాణ్ణి, అంతే. క్లస్టర్ అధికారి వచ్చి, కార్డుల ఫొటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దండాలూ చప్పట్లూ వచ్చిపడ్డాయి. నేనూ ఒక బొటనవేలు పెట్టాను, అందరి తర్వాత. నా నాలుగో తరగతిలో ఒక పిల్ల లేచి, "సార్, మన క్లాస్ల పెట్టె లేదా?" అని అడిగింది. "మనకు బుర్ర ఉన్నది," అన్నాను. పిల్ల చుట్టూ చూసి, "యాడున్నది సార్?" అంది.

ఒక ఆదివారం నేనూ కూర్చున్నాను. పాత పెళ్లిపత్రికల అట్టలతో భిన్నాల కార్డులు చేశాను. రొట్టెను నాలుగు ముక్కలు చేసే బొమ్మ బాగానే వచ్చింది. లామినేషన్ చేయించి, అందంగా ఉంటుందని కాగితం అంచుకు ఆనించి కత్తిరించాను. మంగళవారానికల్లా ప్లాస్టిక్ ఒక వైపు, కాగితం ఒక వైపు అయ్యాయి. పావు రొట్టె గాలికి లేచి కిటికీలోంచి పోయింది.

టీచరమ్మ చూసింది. "సార్, చుట్టూ జర ప్లాస్టిక్ ఇడిసి కొయ్యాలె. అంచు దాక కోస్తె బిచ్చుకుంటది," అంది తన కన్నడం కలిసిన తెలుగులో. "ఇటియ్యండ్రి, నేను ఇస్త్రీపెట్టె పెట్టి అంటిస్త." మర్నాడు అన్నీ సరిచేసి తెచ్చింది. పోయిన పావు రొట్టెను కొత్తగా గీసి మరీ తెచ్చింది. సాయం చేసే మనుషుల మీద కుళ్లుకోవడం చాలా ఓపిక కావాల్సిన పని. నేను ఓపిగ్గా చేశాను.

ఆమె ఖాళీ పీరియడ్లో వంటగదిలో కూర్చుని అక్కతో పాటు వెల్లుల్లి ఒలిచేది. ఉపాధ్యాయ వృత్తి గౌరవానికి అది తక్కువని నా అభిప్రాయం. ఒకరోజు చెయ్యి కడుక్కోవడానికి వెళ్తే, వంట అక్క నూనె చేతులతో ఒక కార్డు పట్టుకుని పెదాలు కదుపుతోంది. ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి చూస్తోంది. సామాను పాడైపోతుందని టీచరమ్మను హెచ్చరించాను.

"అందుకే లామినేషన్ చేయించిన గద సార్," అంది.

మొన్న తాలూకా ప్రదర్శన కాగితం వచ్చింది. బడికొక బోధన సామగ్రి పంపాలి. ఎంపికైన వాళ్లకు ప్రశంసాపత్రం ఇస్తారు. జూన్‌లో ఆర్డరు కోసం తిరిగే గెస్ట్ టీచరుకు అలాంటి కాగితం ఎంత పనికొస్తుందో నాకు తెలియనిది కాదు. అయినా ఫారంలో రెండు ఖానాలు ఉన్నాయని గమనించాను. ఒకటి 'తయారు చేసినవారు'. రెండోది 'ఆలోచన ఇచ్చినవారు'.

"తయారు చేసింది ఆమెనే సార్, ఎవలు కాదంటరు?" అన్నాను హెడ్మాస్టరుతో. "ఆ రెండో ఖానా మాత్రం ఖాళీ పెట్టకుండ్రి. న్యాయం కాదు."

ఇంటర్వెల్లో ఆయన గదిలో ముగ్గురం కూర్చున్నాం. తువ్వాలు కప్పుకుని టీవీ కూడా ఉంది. వంట అక్క పళ్లెంలో చాయ్ గ్లాసులు తెచ్చింది. హెడ్మాస్టరు కలం మూత తీశారు.

"తయారు చేసినోళ్లు, టీచరమ్మ. రాసిన. ఇగ ఆలోచన ఎవలది?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అడగకుండా వచ్చే గౌరవాన్ని అందుకోవడానికి అదే తగిన భంగిమ.

"ఏందమ్మా, అది గూడ నీదేనా?"

"కాదు సార్. నాకు తెలుగే రాకుండె," అంది టీచరమ్మ. "ఆవు, పాము, ఎల్లి, అన్ని ఒకరితాన చెప్పించుకున్న."

నేను గొంతు సవరించుకున్నాను.

"అక్కతాన," అంది టీచరమ్మ, గ్లాసులు పెడుతున్న వంట అక్కను చూపిస్తూ.

హెడ్మాస్టరు కలం గాల్లో ఆగింది. నాకు నవ్వొచ్చింది. "అరె, అక్కకు యాడికెల్లి తెలుస్తది? నేను చెప్తుంటె గోడ అవతలికెల్లి ఇన్నది. అంతే గద అక్కా?"

వంట అక్క చివరి గ్లాసు నా ముందు పెట్టింది.

"ఇన్న సార్. నాలుగేండ్ల సంది ఇంటనే ఉన్న. మీ కతల ఆవు రిజిస్టరు తింటది. మా ఆవు ఏం తినలె."

పళ్లెంలో ఒలికిన చాయ్‌ని కొంగుతో తుడిచింది.

"ఆ పిల్లను నేనే సార్. అందరు నవ్వంగ ఆవును ఇంటికి తోలుకపోయిన. మల్ల బడికి రాలె."

టీచరమ్మ తల వంచుకుని తన గ్లాసు వైపు చూస్తోంది. ఆమెకు ఇదంతా ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "నాకు గుర్తు పట్టరాలె అక్కా. ఏం చేస్తం, ఆ సారుకు మన బాస రాకపాయె. అందుకే గట్లయింది."

ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుని ఆమె గడప దగ్గర ఆగింది.

"ఆయినకు రాదు. మీకొస్తది గద సార్. మీరెందుకు చెప్పలె?"