నిమ్మకాయ మీద ఒంటిచేతి దండీ

ఉదయం ఐదూ నలభైకి వదిన డాబా మీదికి వచ్చి నేల మీద నిమ్మకాయ పెట్టింది. పక్కనే నీళ్లచెంబు, ఖాళీ గ్లాసు పెట్టింది.

కొవ్వూరులో ఆ డాబా మీదే మా అన్నయ్య ఇరవై ఏళ్లకు పైగా దండీలు తీశాడు. అన్నీ అయ్యాక చివర ఒంటిచేత్తో ఒకటి తీసేవాడు. ఎడమచేయి వీపు వెనక్కి పెట్టుకుని, ఛాతీ కింద ఉన్న నిమ్మకాయకు బనీను తగిలేదాకా దిగి, కాయ నలగకుండా లేచేవాడు. దాని మీద పందెం కూడా తనే పెట్టాడు. కాయ నలగకపోతే దాన్ని పెట్టినవాళ్లు పంచదార వేసి షర్బత్ కలిపి ఇవ్వాలి. నలిగితే నలిపినవాడు అదే పిండుకుని ఉప్పు వేసుకు తాగాలి.

నేను ఎప్పుడూ ఉప్పుదే తాగాను. దిగడం బాగానే దిగేవాణ్ణి. ఇంక నాలుగు వేళ్ల దూరం ఉందనగా నడుము ఒరిగి, బరువంతా కాయ మీద పడేది. అన్నయ్య నవ్వేవాడు కాదు. "చేతిని నమ్ముకుని పొట్ట వదిలేస్తున్నావురా," అనేవాడు. నేను వినలేదు. చేతికే ఇంకా బలం పెంచుకుంటూ పోయాను.

అన్నయ్య పోయి ఏడాది అయింది. ఆ సాయంత్రమే ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు, బంధువులు వస్తారు. నన్ను నాలుగు మాటలు చెప్పమంటారు. రాసింది చదవడమే గాని సొంతంగా మాట్లాడడం నాకు చేతకాదు. ఆ వేళకు ముందు అన్నయ్య దండీ ఒక్కటైనా సరిగ్గా తీయాలని నెలల కిందటే అనుకున్నాను. వదినకొక్కదానికే చెప్పాను. ముందు పిట్టగోడ మీద చేయి ఆనించి, తర్వాత మెట్టు మీద, ఆ తర్వాత నేల మీద పొట్ట బిగించడం నేర్చుకున్నాను.

"గ్లాసెందుకు వదినా?" అన్నాను.

"రసానికండి. మీ సంగతి నాకు తెలీదా మరిదిగారూ. ఉప్పు కూడా కొంగున కట్టుకొచ్చాను."

కాళ్లు ఎడంగా పెట్టాను. కుడి అరచేయి ఛాతీ పక్కగా ఆనించి వేళ్లు విప్పాను. మోచేయి పక్కటెముకలను వదలకుండా మెల్లగా దిగాను. నాలుగు వేళ్ల దూరం దగ్గర ఎడమవైపు నడుము జారబోయింది.

"పొట్టండి, పొట్ట," అంది వదిన.

బిగించాను. నడుము ఆగింది. ఇంకాస్త దిగితే కాయ తగిలింది. అక్కడ ఒక క్షణం ఆగాను. లేస్తుంటే భుజం నుంచి మడమ దాకా ఎక్కడా వంగలేదు. మోచేయి పూర్తిగా చాచాను.

వదిన కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన కూడా రావట్లేదండి," అంది.

కొంగు ముడి విప్పింది. అందులో ఉన్నది పంచదార.

సాయంత్రం పాస్టరుగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఉదయం జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. మా ఇంట్లో ఆ ఏడాదిలో అంతమంది కలిసి నవ్వడం అదే మొదలు.

ఒంటిచేతి దండీ ఇప్పుడు రోజూ తీస్తున్నాను. కింద నిమ్మకాయ పెట్టడం మానేశాం.