పేర్లు చదివిన ఆదివారం

మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా పక్కింటి ఇటలీవాళ్ళు ఇవాళ గ్యారేజీ తలుపెత్తి టమాటాలు ఉడకబెడుతున్నారు. ఫిబ్రవరి ఎండకు ఆ పుల్లటి ఆవిరి కంచె దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. పొద్దుటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను. "మమ్, జస్ట్ సిట్ డౌన్!" అని మా అమ్మాయి విసుక్కుంది. కూర్చుంటే కార్మెలా ఆంటీ గుర్తొస్తుంది. ఆవిడ గుర్తొస్తే నేను చేసిన పని గుర్తొస్తుంది. అందుకే కూర్చోలేను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ హడలే మా బోటివాళ్ళకు ఉద్యోగం. పెళ్ళికాకముందు, మెల్‌బోర్న్‌లో ఒక ఆఫీసులో ప్రోగ్రాములు పరీక్షించి, దొరికిన తప్పులకు జాబితాలు తయారుచేసేదాన్ని. జాబితాలు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త పొగరు కూడా. నా పక్క సీటు రఫీది. ఇద్దరిదీ నరసరావుపేటే. నాకన్నా రెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి పెసరట్లు తిని, మా ఊరి కబుర్లన్నీ చెప్పి పోయేవాడు. పరాయి దేశంలో నాకు తోబుట్టువంటూ ఉన్నది వాడొక్కడే.

క్లేటన్‌లో నేను అద్దెకున్న రెండు గదులు కార్మెలా ఆంటీ ఇంటి వెనక భాగం. ఇటలీ నుంచి వచ్చిన, డెబ్భై దాటిన పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. ఆప్యాయంగా పలకరించే ముసలమ్మ అనుకునేరు. బట్టలు సరిగా ఆరేయకపోతే తీగ మీంచి లాగి కిందపడేసే రకం. రేడియోలో ఉపన్యాసం వింటూ వింటూ, జనం చప్పట్లు కొట్టగానే టప్పున కట్టేసేది. ఎందుకని అడిగితే, "చప్పట్లు మొదలయ్యాక ఇక వినడానికేముంటుంది?" అనేది. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి బాగానే అర్థమయ్యేది.

ఒకసారి టమాటాలు తరుగుతూ వాళ్ళ ఊరి చెప్పులు కుట్టేవాడి సంగతి చెప్పింది. ఆవిడ పుట్టకముందు మాట. నల్లచొక్కాల వాళ్ళు, అంటే తర్వాత ఇటలీని ఏలిన నియంత మనుషులు, అప్పుడప్పుడే ఊళ్ళమీద పడుతున్నారట. వాళ్ళ నాయకుడి మీద ఇతను ఏదో హాస్యమాడాడు. నడిబజారులో కుర్చీకి కట్టేసి సీసాడు ఆముదం తాగించారు. నేను పకపకా నవ్వేశాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నెలకోసారి మా ముక్కులు మూసి ఆముదం పోసేది మరి! మాకది ఇంటివైద్యం, ఆముదం తాగిన మొహమంటే మాకు వేళాకోళం. ఆంటీ కత్తి కింద పెట్టింది.

"మా ఊరూ ఇలాగే నవ్వింది. అందరి ముందూ బట్టల్లోనే అయిపోయింది కదా, నవ్వారు. నేను పుట్టి పెద్దదాన్నయ్యేదాకా నవ్వుతూనే చెప్పుకున్నారు. నేనూ నవ్వుతూనే విన్నాను. ఆ తర్వాత వాళ్ళ మీద నోరెత్తినవాడు లేడు," అంది. నాకు చిన్నతనమైపోయి ఇంకో టమాటా తీసుకుని తరగసాగాను.

ఆ ఏడాదే మన సరిహద్దు కొండల మీద యుద్ధం వచ్చింది. అక్కడ ఎండాకాలం, మాకిక్కడ చలికాలం. పనిలో మనసు పెట్టలేక పావుగంటకోసారి కంప్యూటర్లో వార్తలు చూసేవాళ్ళం. జవాన్ల కుటుంబాలకు విరాళాలు పంపుదామని మా తెలుగువాళ్ళ పెద్ద ప్రసాద్ అంకుల్ అన్నారు. అందులో తప్పుందని ఇప్పటికీ అనను. అయితే, పెళ్ళిళ్ళలో చదివింపులు మైకులో చదివినట్టు ఇచ్చినవాళ్ళ పేర్లు చదువుదామన్నది నా సలహా. మొదటి ఆదివారం, భోజనాలకు అందరం కలిసిన హాలు దద్దరిల్లింది. ఆడవాళ్ళు గాజులు తీసిచ్చారు. నేనూ ఒక గాజు తీసిచ్చి, కళ్ళు తుడుచుకున్నాను. ఆ ఊపులో రెండో ఆదివారానికి ఇంకో జాబితా తయారుచేశాను. ఇంకా ఇవ్వనివాళ్ళది. సరదాకే, గుర్తుచేయడానికే అనుకున్నాను. అందులో రఫీ పేరుందని తెలుసు. తీసేస్తే పక్షపాతమవుతుందని ఉంచేశాను. ఎంత న్యాయం నాది!

ఆ రోజు భోజనానికి ఆంటీని కూడా తీసుకెళ్ళాను. నేను మైకు పట్టుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాను. "మూర్తిగారూ, పర్సు ఇంట్లో మరిచారా?" అని ఎవరో అంటే అంతా నవ్వారు. మూర్తిగారూ నవ్వారు. అలా పదిమంది అయ్యారు. పదకొండో పేరు, "షేక్ రఫీ" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. హాల్లో తలలన్నీ వెనక వరసకేసి తిరిగాయి.

"ఏం బాబూ, ఆలోచిస్తున్నావా?" అన్నారు ప్రసాద్ అంకుల్ ముందు వరసలోంచి.

రఫీ లేచాడు. అంత పొడుగు హాలు నడిచి వచ్చి, పర్సులో ఉన్నదంతా బల్ల మీద పెట్టాడు. ఒక్కసారిగా చప్పట్లు. మైకు చంకలో ఇరికించుకుని నేను కూడా కొట్టాను. ఆంటీ అప్పటికే కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆంటీని కారులో ఇంటికి తీసుకొచ్చాను. తెలుగు తెలియని మనిషికి ఏం అర్థమయిందిలే అనుకున్నాను. ఇంటిముందు ఆపాక అడిగింది.

"నువ్వు చదివింది ఇవ్వనివాళ్ళ పేర్లేనా?"

"అవునాంటీ."

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆఫ్రికాలో యుద్ధానికి బంగారం కావాలి, ఆడవాళ్ళంతా పెళ్ళి ఉంగరాలు ఇవ్వండి అన్నారు. ఇస్తే బదులుగా ఇనుప ఉంగరం. మా నాన్న లేడు. అమ్మకు ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే, ఇవ్వలేదు. బళ్ళో మా టీచరు ఇవ్వని ఇళ్ళ పిల్లల పేర్లు చదివేది. మంచిదే పాపం, నవ్వుతూనే చదివేది. నాకు ఆ యూనిఫారం, కవాతు, పాటలు ప్రాణం. ఇంటికెళ్ళి తిండి ముట్టలేదు. నువ్వు దేశద్రోహివి అన్నాను. ఎవర్ని? మా అమ్మని."

"ఇచ్చేసిందా?"

"వేలికి సబ్బు రాసుకుని తీసింది. ఆ యుద్ధం గెలిచారు, నేను వీధిలో గంతులేశాను. గెలిచాక ఊరుకుంటారా? ఇంకోటి, దాని తర్వాత మరీ పెద్దది. దానికి మా అన్నని అడిగారు. అప్పటికి మా ఇంట్లో కాదనడం మరిచిపోయాం. ఎడారిలో పోయాడు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "మాది నియంత రాజ్యం కాదాంటీ. మాకు ఎన్నికలున్నాయి. మేం ఎవరి దేశం మీదకీ వెళ్ళలేదు," అన్నాను.

"మీ దేశం సంగతి నాకేం తెలుసు? నేను నీ సంగతి చెబుతున్నాను," అని దిగి తలుపు వేసుకుంది.

మర్నాడు ఆఫీసులో రఫీ ఎప్పట్లాగే పలకరించాడు. తర్వాతి ఆదివారం పెసరట్లకు రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. మూడోవారం కాంటీన్‌లో పట్టుకున్నాను.

"ఒరే, ఆ రోజు నేను చదవకుండా ఉండాల్సింది."

"అదేం లేదక్కా. అందరూ ఇచ్చారు, నేనూ ఇచ్చా. ఫినిష్," అన్నాడు టీ కలుపుతూ.

"కోపమొస్తే తిట్టు."

చెంచా కప్పు పక్కన పెట్టాడు. "ఇంకెవరన్నా చదివుంటే లేచి బయటికి పోయేవాణ్ణక్కా. నువ్వు చదివావని ఇచ్చా. నీ పరువు పోతుంది కదా."

కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లకేమీ కాలేదు. వాడికి డార్విన్‌లో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాడు. పండక్కి ఇప్పటికీ మెసేజ్ పెడతాడు, చివర అక్కా అని ఉంటుంది. కార్మెలా ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ చెప్పేదాకా నియంతలంటే ఎక్కడో మేడ మీంచి చెయ్యెత్తి అరిచేవాళ్ళనుకున్నాను. వాళ్ళ పని సగం మనలాంటి మంచివాళ్ళం, మనవాళ్ళ దగ్గరే, నవ్వుతూ చేసిపెడతామని తెలియదు. ఆ తర్వాత నేను మైకు పట్టుకోలేదు. ఇంట్లో కూడా నేనడిగినదానికి ఎవరైనా వెంటనే సరేనంటే వదలను. "నిజంగా నీకిష్టమేనా?" అని రెండోసారి అడుగుతాను. నా చాదస్తం చూసి మా అమ్మాయి నవ్వుతుంది.

రఫీ ఆ విరాళం ఎందుకివ్వదలుచుకోలేదో మాత్రం, నేను ఒక్కసారి కూడా అడగలేదు.