కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక నా మొదటి రైలు ప్రయాణం: బిలాస్‌పూర్ నుంచి చాంపా, మళ్ళీ వెనక్కి

ఈమధ్య మా మేనల్లుడి స్నేహితుడొకాయన ఫోన్ చేశాడు. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలైందట. రైలెక్కొచ్చా, ఎక్కితే ఏం తినాలి, వెంట ఏం పట్టుకెళ్ళాలి అని అడిగాడు. తెలిసింది చెప్పి పెట్టేశాను. పెట్టేశాక కాసేపటికి, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అని నా మీద నాకే చిరాకేసింది. ఆ ఆపరేషన్ ఇప్పుడు ఊరూరా చేస్తున్నారు కాబట్టి ఇలాంటి ప్రయాణానికి సిద్ధమయ్యేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు. వాళ్ళందరి కోసం తొంభైల చివర్లో ఒకరోజు నేను చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అప్పటి రైలు టైములూ ధరలూ ఇప్పుడు పనికిరావు, అవి మీరే చూసుకోండి.

నేను బిలాస్‌పూర్‌లో అప్పట్లో గూడ్సు గార్డుని. నూట ఇరవై ఆరు కిలోల గార్డుని. గూడ్సు బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, వెనకనుంచి బండి మొత్తాన్నీ చూసుకోవడం నా ఉద్యోగం. ఆ పెట్టె మెట్లు ఎక్కడానికి కిందనున్నవాళ్ళు వెనకనుంచి తోయాల్సిన రోజు వచ్చింది. మోకాళ్ళు పోయాయి, రాత్రి పడుకుంటే ఊపిరాడేది కాదు. ఎవరో చెబితే పీఎఫ్ డబ్బు తీసి బొంబాయి వెళ్ళాను. అక్కడ డాక్టరు నా కడుపు పైభాగాన్ని కుట్టేసి, పిడికిలి కంటే చిన్న సంచి మిగిల్చాడు. ఆ రోజుల్లో మా రైల్వే కాలనీలో ఎవరూ ఇలాంటిది విని ఉండలేదు. సన్నబడ్డ నన్ను చూసి సుగరా, టీబీయా అని మొహం మీదే అడిగేవారు. తిండి మానలేక కడుపు కోయించుకున్నాడట అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆపరేషన్ తర్వాత డాక్టరు పెట్టిన రూల్సు వినడానికి తేలిక. ఒకసారికి చిన్న గిన్నెడు తిండి, అదీ అరగంట సేపు. ప్రతి ముద్దా పిండయ్యేదాకా నమలాలి. తిండితో నీళ్ళు తాగకూడదు. నా గొంతుకి ఈ రూల్సు పట్టలేదు. ఎందుకంటే లైన్ మీద తిండి వేరు. ఏ స్టేషన్లోనో మా గూడ్సుని పక్క లైన్లో పెట్టగానే క్యారియర్ తెరవాలి. సిగ్నల్ పడి ఇంజన్ పొడుగ్గా కూత వేసిందంటే నోట్లో ఉన్నది ఉన్నట్టు మింగేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, పచ్చ జెండాతో తలుపులో నిలబడాలి. ఇరవై రెండేళ్ళు అలాగే తిన్నాను. ఇంట్లో పండగనాడు కూడా అయిదు నిమిషాల్లో విస్తరి ఖాళీ చేసేవాణ్ణి. మా గార్డులందరిదీ అదే కథ.

మూడు నెలల సెలవు అయిపోవస్తోంది. ఇంకో నాలుగు రోజుల్లో రైల్వే డాక్టరు ముందు నిలబడాలి. ఫిట్ అంటే మళ్ళీ లైన్ మీదికి పోతాను, లేకపోతే ఆఫీసులో టేబుల్ పని. టేబుల్ పనంటే నాకు జైలు. మా ఆవిడ రమణమ్మకి మాత్రం లైన్ అంటే వణుకు. ఇంట్లో రెండుసార్లు నా గొంతులో ముద్ద ఇరుక్కోవడం కళ్ళారా చూసింది. వారం రోజులు గొడవపడ్డాం. చివరికి తనే ఒక పందెం పెట్టింది.

"ఒక రోజల్లా రైల్లోనే తిని సూపించండి, నాను పక్కనే ఉంటాను" అంది. "ఏటీ అవకపోతే మీ ఇష్టమొచ్చినట్టు డూటీకెళ్ళండి. ఇరుక్కుందా, టేబుల్ పనికి మీ సేత్తో మీరే రాసిచ్చీండి."

సరేనన్నాను. నెగ్గేది నేనే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి ఇంట్లోనే ఇడ్లీలో సగం, పప్పుతేటలో నానబెట్టుకుని తిన్నాను. రమణమ్మ మిగతా పూటలకి మూడు చిన్న స్టీలు డబ్బాలు సర్ది, ఏది ఎన్ని గంటలకు తినాలో కాగితం ముక్కల మీద రాసి మూతలకి అంటించింది. సంచిలో అలారం టైంపీసు కూడా పెట్టింది. పక్కపేట తోర్వా నుంచి వచ్చే రిక్షా అతను అయిదు రూపాయలకి స్టేషన్లో దింపాడు. ఇదివరకు నన్ను చూస్తే ఎక్కడ ఎక్కుతానోనని మొహం తిప్పుకునేవాడు. ఆ రోజు ఎత్తు దగ్గర కూడా దిగకుండా తొక్కేసి, సగం మనిషిని ఎక్కడ దాచి వచ్చారు గార్డు సాబ్ అని అడిగాడు. మూడు నెలల్లో నేను మనసారా నవ్వింది అప్పుడే.

మా పాసింజరు ఏడు నలభైకి కదిలింది. మొదటి ఆగుడు గతౌరా. పల్లెటూరి స్టేషన్, పది నిమిషాలు పైగా పడేశారు. తర్వాత ఒక్కో స్టేషనూ పలకరించుకుంటూ తొమ్మిది దాటాక చాంపాలో దిగాం. దారిలో మొదటి డబ్బా తీశాను. మెత్తగా ఉడికిన ఉప్మా. టైంపీసు ఒళ్ళో పెట్టుకుని రమణమ్మ నా దవడలు ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెడుతోంది. ఎదుటి సీటులో కూరలమ్మే ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నా చెవులు కాలిపోయాయి. అయినా అరగంట గడిపాను, డబ్బా ఖాళీ అయింది, ఏమీ కాలేదు.

చాంపాలో కోసా పట్టు నేసే వీధులున్నాయి. అయిదు గంటలు చేతిలో ఉంటే చక్కగా నడిచి చూడొచ్చు. నేను నడిచాను గానీ ఏం చూశానో గుర్తులేదు. పన్నెండు గంటల తిండి హోటల్లో తినాలన్నది నా పంతం, ఎందుకంటే డ్యూటీలో ప్రతి పూటా ఇంటి డబ్బా ఉండదు. రెండో డబ్బా సంచిలోనే ఉంచి స్టేషన్ దగ్గర భోజనశాలలో కూర్చుని, గిన్నెడు పప్పు, రెండు చెంచాల అన్నం చాలన్నాను. సగం పప్పు తినేసరికి వంటాయన గరిటెతో సహా బయటికొచ్చాడు. "క్యా సాబ్, ఖానా అచ్ఛా నహీ బనా?" అన్నాడు, వంట కుదరలేదా అని. మొహం నిజంగానే చిన్నబోయింది. ఇంకేం చెప్పాలో తెలియక చొక్కా ఎత్తి రొమ్ము కిందనుంచి బొడ్డు దాకా ఉన్న కోత చూపించాను. ఆయన నా పళ్ళెం లోపలికి తీసుకెళ్ళి, అన్నం పప్పులో తనే మెత్తగా మెదిపి తెచ్చిపెట్టి, నేను తినడం అయ్యేదాకా నా బల్లకి ఇంకెవరినీ రానివ్వలేదు. మీరు కూడా హోటల్లో సిగ్గుపడకుండా విషయం చెప్పేయండి, వండేవాళ్ళకి మనమీద దయ ఎక్కువే ఉంటుంది.

తిరుగు బండి రెండున్నరకి. మూడు పూటలు గడిచాయి, ఇంకొక్క పూట గడిస్తే నెగ్గినట్టే. రమణమ్మ మొహంలో కూడా బిగువు తగ్గింది. మూడున్నర దాటాక గతౌరాలో మమ్మల్ని పక్క లైన్లో పెట్టారు, వెనకనుంచి ఏదో మెయిలు వస్తోందని. రమణమ్మ మూడో డబ్బా అందించింది. పెరుగన్నం, పైన ఉడికించి పీచులుగా చీరిన కోడిమాంసం. బలానికి మాంసం తప్పకుండా తినమన్నారు డాక్టరు. మెల్లగా నమలడం మొదలుపెట్టాను. మెయిలు దడదడలాడుకుంటూ పోయింది. నేను ఒక ముద్ద మాంసం నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే మా బండి ఇంజన్ పొడుగ్గా కూత వేసింది.

మింగేశాను. మింగాలని అనుకోలేదు, ఆలోచన వచ్చే వ్యవధే లేదు. డబ్బా మూత పెట్టేశాను, సగం లేచి నిలబడ్డాను కూడా. కుడిచెయ్యి జెండా కోసం పక్కన వెతుకుతోంది. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

రొమ్ము మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. నీళ్ళు తాగితే ఇంకా ముప్పు. నోట్లో జిగట లాలాజలం ఊరిపోతోంది, మింగడానికి లేదు. రమణమ్మ సంచి సర్దుతూ అటు తిరిగి ఉంది, చూడలేదు. సిగరెట్ కాల్చుకునేవాడిలాగా తాపీగా లేచి తలుపు దగ్గరికి నడిచాను. ఈ ఒక్క పది నిమిషాలు ఆవిడకి తెలియకుండా గడిస్తే చాలు అనుకున్నాను. చొక్కా తడిసిపోయింది. తలుపు పక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకుని వంగి, బయటికి ఉమ్ముతూ, ఊపిరి ముక్కుతో పీలుస్తూ నిలబడ్డాను. భయమేసింది. నిజంగా చచ్చిపోతానేమోనని భయమేసింది.

అలా వంగి ఉండగానే బిలాస్‌పూర్ ముందున్న సిగ్నల్ క్యాబిన్ వచ్చింది. క్యాబిన్ మనిషి కిందికి దిగి పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాడు, మామూలుగా నిలబడినట్టే. బండి చక్రాలూ పెట్టెలూ అన్నీ బాగున్నాయా అని చూసి, బాగుంటే గార్డుకి పచ్చ జెండా చూపిస్తాడు. గార్డు కూడా బదులు చూపించాలి. ఎక్కడైనా పొగ వస్తోందని, ఏదైనా ఊడి వేలాడుతోందని అతను ఎర్ర జెండా ఊపితే గార్డు వెంటనే బ్రేకు వేసి బండి ఆపాలి. నా కుడిచెయ్యి కమ్మీ వదలాలని చూసింది. వదల్లేకపోయింది. కళ్ళలో నీళ్ళు నిండి, కాసేపటికి అతని చేతిలో ఉన్నది ఏ రంగు జెండానో కూడా కనబడలేదు.

ఇంకో అయిదు నిమిషాలకి ముద్ద పైకి వచ్చేసింది. నొప్పి ఒక్కసారిగా పోయింది. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చి సీట్లో కూర్చున్నాను. రమణమ్మ ఏమీ గమనించలేదు. డబ్బాలో కొంచెం మిగిలిందని చూసి, తినలేకపోతే ఒగ్గీండి అంది. అయిదు కావస్తుండగా బిలాస్‌పూర్‌లో దిగాం.

ప్లాట్‌ఫారం మీద సంచి భుజానికి తగిలించుకుంటూ తను నవ్వింది. "అచ్ఛా, నెగ్గేరు. ఇంక నానేటీ అనను. యూనిఫారం వదులైపోయింది, రేపు దర్జీకిచ్చి కుట్టించీసుకోండి."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. నాలుగు రోజుల్లో ఫిట్ రాయించుకుని లైన్ ఎక్కేవాణ్ణి. నోరు మూసుకోమని నాకు నేను చెప్పుకున్నాను కూడా. కానీ ఆ క్యాబిన్ మనిషి చెయ్యి కళ్ళముందు నుంచి కదల్లేదు. తనని బెంచీ మీద కూర్చోబెట్టి, గతౌరాలో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఇంజన్ కూతకి మింగేశానని చెప్పాను. తలుపు దగ్గర ఏం చేశానో, ఎందుకు దాచానో చెప్పాను. ఆ పదిహేను నిమిషాలు చివరి పెట్టెలో ఉండి ఉంటే, ముందు నలభై వ్యాగన్లలో ఏం జరుగుతున్నా నాకు తెలిసేది కాదని, అలాంటి గార్డు బండెక్కకూడదని చెప్పాను. 

 ఆవిడ కోరుకున్నదే అయింది, సంతోషిస్తుందనుకున్నాను. తీరా చూస్తే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"మూడు నెలలబట్టి కాళ్ళా వేళ్ళా పడ్డాను, మీరు చచ్చిపోతారేటోనని" అంది. "నాకోసం మానలేదు. బండి కోసం మాన్తన్నారు."

  ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని టేబుల్ పనికి అర్జీ రాశాను. రాసేటప్పుడు తను వచ్చి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆఫీసులో గార్డుల డ్యూటీలు వేసే పని చేశాను. ఇష్టపడి చేశానని అబద్ధం చెప్పను. కిటికీలోంచి గూడ్సు వెళుతుంటే చాలా ఏళ్ళు తల తిప్పుకున్నాను. డాక్టరు నా కడుపుని రెండు గంటల్లో మార్చాడు గానీ, నా చెయ్యీ గొంతూ మారడానికి నాలుగైదేళ్ళు పట్టింది. ఆపరేషన్ అయినవాళ్ళు బరువు సంగతి మాట్లాడతారు, ఏం తినాలో మాట్లాడతారు. ఏ పనిలో ఎలా తినడం అలవాటైందో ఎవరూ మాట్లాడరు. బస్సు డ్రైవర్లు, నర్సులు, బడిపంతుళ్ళు, గంట కొట్టేలోపు తినేసే ప్రతివాళ్ళకీ నా గతే పట్టొచ్చు. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తలుపు దగ్గర గడిపిన సమయం. పది అడుగుల దూరంలో నా కోసమే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషి ఉండగా, ఆ మనిషికి తెలియకూడదని ఒక్కణ్ణే చావడానికి సిద్ధపడ్డాను.

అందుకని, ఫోన్ చేసిన ఆ అబ్బాయికి చెప్పకుండా వదిలేసిన ఒక్క జాగ్రత్తా ఇక్కడ చెబుతున్నాను. రైల్లో ముద్ద ఇరుక్కుంటే లేచి తలుపు దగ్గరికో బాత్రూంలోకో ఒంటరిగా పోకండి. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకోండి. మాట రాకపోయినా ఫరవాలేదు, గట్టిగా పట్టుకుంటే వాళ్ళకి తెలుస్తుంది.