సైరన్ పంపిన పద్నాలుగు బాక్సులు

స్కూలు క్యాంటీన్‌లో ఆవిణ్ణి పిల్లలు సైరన్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత టీచర్లూ అందుకున్నారు. ఇప్పుడు ఆవిడ భర్త ఫోన్‌లో కూడా అదే పేరు. వంటగదిలో గరిటె జారిపడితే ఆవిడ వేసే కేక గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా రోజుకి మూడు వందల మందికి వండుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడకి కోపం రాని రోజు ఒకటి ఉంటే ఉండొచ్చు గాని, ఎవరికీ గుర్తులేదు.

ఆ కోపం ఊరికే వచ్చేది కాదు. పుచ్చు కందిపప్పు అంటగట్టిన కొట్టువాడి మీద, పాలల్లో ఇంకో రెండు లీటర్ల నీళ్ళు కలిపితే ఏం పోతుందన్న మేనేజరు మీద, చేతులు కడగకుండా వరసలో దూరే పిల్లల మీద. అన్నిటికన్నా పెద్ద కోపం తిండి పారేసేవాళ్ళ మీద. మధ్యాహ్నం గిన్నెలు వెనక్కి వచ్చే వేళకి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కదాని అడుగు చూస్తుంది. ఖాళీగా వచ్చిందంటే ఆ రోజు వంట కుదిరినట్టు, మిగిలిందంటే కుదరనట్టు. ఎలా ఉందని ఎవరినీ అడగదు. "మనుషులు మొహమాటానికి బాగుందంటారు. గిన్నెకేం మొహమాటం?" అంటుంది.

అలాంటి మనిషి చెల్లెలు, ఎనిమిదేళ్ళు చిన్నది, జబ్బుపడింది. కడుపులో గడ్డ. కోసి తీసేశారు. ఆరు విడతలుగా మందు ఎక్కించాలన్నారు. మూడు విడతలయ్యేసరికి చెల్లెలు నలభై ఏడు కిలోల నుంచి నలభై ఒకటికి దిగింది. నలభై కన్నా తగ్గితే మందు ఆపాల్సి వస్తుందనీ, ఒళ్ళు తట్టుకోదనీ డాక్టరు చెప్పాడు. మందు ఆగితే గడ్డ మళ్ళీ లేస్తుంది. నాలుగో విడతకి మూడు వారాల గడువు ఉంది.

"కిలోల సంగతి నాకు వదిలేయండి" అంది సైరన్, ఆస్పత్రి వరండాలో అందరూ వెనక్కి తిరిగి చూసేలా.

మరిది బస్సు కండక్టరు. తెల్లారకముందే డ్యూటీకి పోతాడు, వంటలో ఆయన ప్రావీణ్యం పొయ్యి వెలిగించడం దగ్గర ఆగిపోతుంది. కూతురికి తొమ్మిదేళ్ళు. ఇక ఆ ఇంట్లో వండేదెవరు? అందుకని సైరన్ పాత సామాన్ల కొట్టులో ఒక ఫ్రీజర్ బేరమాడి, మరిది ఇంటి మూడో అంతస్తుకి భర్త చేతా ఇద్దరు హమాలీల చేతా మోయించింది. వాళ్ళు దాన్ని మెట్ల మూలకి తగిలించినప్పుడు వేసిన కేకకి కింది వాటా టైలరమ్మ కుట్టుమిషన్ ఆపేసింది.

ప్రతి ఆదివారం పద్నాలుగు బాక్సులు. పూటకొకటి, వారానికి సరిపడా. గుమ్మడికాయ సూపు, చికెన్ సూపు, మెత్తగా ఉడికించిన పప్పన్నం, బఠాణీ కూర. బంగాళాదుంప గడ్డకడితే ఇసకలా అయిపోతుంది కాబట్టి ముందే మెదిపేసేది. అన్నం ఒక పలుకు ఉండగానే దింపేది, వేడి చేసినప్పుడు మిగతాది ఉడుకుతుందని. వండినదాన్ని చల్లనీళ్ళ టబ్బులో పెట్టి పూర్తిగా ఆరనిచ్చేది. గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది గనక బాక్సులో పైన వేలెడు చోటు వదిలేది. మూత మీద టేపు అంటించి పెద్దక్షరాలతో రాసేది: గుమ్మడి, ఆదివారం, బాగా పొగలొచ్చేదాకా వేడి చేయాలి. "దాకా" కింద రెండు గీతలు. పిల్ల కోసం విడిగా ఒక డబ్బాలో పాలూ అరటిపండూ కలిపి చిక్కగా ఉడికించి పెట్టేది. నడుం పట్టేసినా, చేతులకి బొబ్బలు వచ్చినా అదే లెక్క.

మళ్ళీ ఆదివారానికి పద్నాలుగు బాక్సులూ శుభ్రంగా తోమి, సంచిలో పేర్చి తిరిగొచ్చేవి. ఒక్క మెతుకు లేదు. సైరన్ వాటిని బల్ల మీద పరిచి చూసుకుని, భర్తతో, "చూశావా, నా చేతి తిండి ఎవరు కాదంటారు?" అనేది. ఆయన తలూపేవాడు. ఆ ఇంట్లో మాట్లాడే అవకాశం ఆయనకి ఎప్పుడో గాని వచ్చేది కాదు.

కానీ మొదటి వారం చెల్లెలి బరువు నలభై కిలోల రెండు వందల గ్రాములు. రెండో వారం ముప్పై తొమ్మిదిన్నర.

బాక్సులు ఖాళీ అవుతుంటే మనిషి తగ్గడమేమిటి? సైరన్‌కి ఒకటే సమాధానం తట్టింది. బరువు మిషన్ ముల్లు తప్పు. "మీ మిషన్ పాడైంది, ఎన్నాళ్ళైంది దీన్ని బాగుచేయించి?" అని నర్సు మీద విరుచుకుపడింది. నర్సుకి ఓపిక ఎక్కువ. "మీరెక్కి చూడండమ్మా" అంది. సైరన్ ఎక్కింది. డెబ్బై ఎనిమిది. పోయిన నెల స్కూల్లో చూసినప్పుడూ సరిగ్గా డెబ్బై ఎనిమిదే. దిగి, ఇంకా మండిపడుతూ బయటికి వచ్చింది. ఆ ఆదివారం సూపుల్లో వెన్న రెట్టింపు వేసింది.

మూడో వారం సోమవారం నాడు స్కూల్లో నీళ్ళ మోటారు కాలిపోయి పిల్లల్ని తొందరగా పంపేశారు. ఎప్పుడూ ఆదివారమే వెళ్ళే సైరన్, చెల్లెల్ని చూసి పోదామని చెప్పాపెట్టకుండా బయల్దేరింది. మెట్ల దగ్గర టైలరమ్మ ఎదురొచ్చింది.

"మీ చేతిలో ఏముందోనండీ!" అంది టైలరమ్మ మనస్ఫూర్తిగా. "ఆ గుమ్మడికాయ సూపు మా ఆయన రెండు బాక్సులు లాగించాడంటే నమ్ముతారా? మీ చెల్లెలిది ఎంత మంచి మనసు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళని తినకుండా కదలనివ్వదు."

సైరన్ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కింది.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో మరిది వాళ్ళ డిపో సూపర్‌వైజరూ, ఆయన భార్యా ఒళ్ళో కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. కంచాల్లో చికెన్ సూపు, మెత్తన్నం. వాటి మీంచి పొగలు. ఆ రోజు డ్యూటీ లేదేమో, మరిది చేతిలో గరిటె. సూపర్‌వైజరు చెంచా నోటిదాకా తీసుకెళ్ళి, "రండక్కా, మీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు.

"దింపండి" అంది సైరన్.

"ఏంటక్కా?"

"చెంచా దింపండి! అది మనుషులు తినేది కాదు, మందు! ఒక ప్రాణానికి లెక్కపెట్టి చేసిన మందు! చూడ్డానికొచ్చారా, చదివింపుల భోజనానికొచ్చారా? చచ్చేదాన్ని పలకరించడానికొచ్చి దాని నోటి దగ్గరది తింటారా? సిగ్గు లేదూ?"

పాపం వాళ్ళకేం తెలుసు. పెట్టారు, తిన్నారు. కానీ సైరన్‌కి అప్పుడు పాపం అనే మాట గుర్తు రాలేదు. ఆ మాటకొస్తే, జబ్బు మనిషి ఇంటికి ఉత్త చేతులతో వచ్చి కడుపు నింపుకుని పోయేవాళ్ళ మీద మనకి మాత్రం ఎంత జాలి కలుగుతుంది? సూపర్‌వైజరు భార్య కంచం కింద పెట్టి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే మెట్లు దిగింది. ఆయన వెనకే దిగాడు.

సైరన్ మరిది వైపు తిరిగింది. "నీకేం పుట్టింది? పెళ్ళాం ఎండిపోతుంటే ఊరికి విందులు చేస్తున్నావా?"

"వదినా, నేను కాదు..." అన్నాడు. గరిటె చూస్తూ నిలబడ్డాడు.

సైరన్ వంటింట్లోకి వెళ్ళి ఫ్రీజర్ మూత ఎత్తింది. నిన్న పెట్టిన పద్నాలుగింటిలో అప్పుడే మూడు లేవు. పిల్ల కోసం పెట్టిన పాలూ అరటిపండు డబ్బా మూత వంకరగా ఉంది. తీసి చూస్తే, రాయిలా గడ్డకట్టినదాని మీద చెంచాతో గీకిన గాట్లు. సగం డబ్బా అలాగే గీకేసి ఉంది. వేడి చేయలేదు, ఏమీ లేదు. అది చూసేసరికి మిగిలిన కాస్త ఓర్పూ పోయింది.

"ఇది గీకిందెవరే? గొంతు పట్టుకుంటే ఎవరు చూస్తారు? ఇంట్లో ఒక జబ్బు చాలదా?"

తలుపు చాటున నిలబడ్డ పిల్ల ఇంకాస్త వెనక్కి నక్కింది. "నేను కాదు పెద్దమ్మా. అమ్మ."

సైరన్ డబ్బా పట్టుకుని పడకగదిలోకి వెళ్ళింది. చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ దగ్గర ఎముకలు జాకెట్టు లోంచి పొడుచుకొచ్చాయి. అక్క అరుపులన్నీ విన్నట్టే ఉంది, కళ్ళు ఎత్తలేదు.

"ఇందుకేనా నేను చేతులు కాల్చుకుంటున్నది?" అంది సైరన్. "పలకరింపులకి వచ్చినవాళ్ళ మెప్పు కోసమా? దాతృత్వమా నీది?"

"వేడిది తినలేకపోతున్నానక్కా" అంది చెల్లెలు మెల్లగా. "నోట్లో ఏం పెట్టుకున్నా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది. అన్నం వేడెక్కుతున్న వాసనొస్తే చాలు, పేగులు బయటికొచ్చేలా వాంతులు. నీ వంటనే కాదు, ఎవరిదైనా అంతే. ఆ చల్లటి గడ్డొక్కటే, నాలుక మొద్దుబారి, కాస్త దిగుతోంది."

"మరి చెప్పాలి కదే! మూడు వారాలు! నోరు లేదా నీకు?"

"ఎవరికి చెప్పాలి? నీకా?"

చెల్లెలు అప్పుడు కళ్ళెత్తింది.

"బాక్సులు నిండుగా తిరిగొస్తే ఊరుకుంటావా నువ్వు? పారేయడానికి చేతులు రాలేదు. నీ కష్టం. ఎవరో ఒకరు తింటే, ఖాళీగా పంపితే నీకు సంతోషం. అందుకే ఆయన్ని పెట్టమన్నాను, ఆయన వద్దన్నా నేను వినలేదు. చిన్నప్పుడు అమ్మ పనికి పోతే నువ్వేగా నాకు పెట్టేదానివి. కాకరకాయ తినలేనంటే దీపాలు పెట్టేదాకా కంచం ముందునుంచి లేవనివ్వలేదు. అప్పట్నుంచీ గౌను జేబులో వేసుకుని నీకు ఉత్త కంచం చూపించేదాన్ని. నువ్వు ఎప్పుడూ కంచమే చూసేదానివి."

సైరన్ మంచం అంచు మీద కూర్చుంది. ఆవిడకి ఇంకా కోపంగానే ఉంది, ఇంతకు ముందుకన్నా ఎక్కువగా ఉంది. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. ముప్పై ఏళ్ళ క్రితం గౌను జేబు మీదా? టైలరమ్మ మొగుడి మీదా? క్యాంటీన్ తలుపు దగ్గర నిలబడి గిన్నెల అడుగులు చూసిన ఇరవై రెండేళ్ళ మీదా? మూడు వందల మందిలో ఎంతమంది పిల్లలు తన కేకకి భయపడి పక్కవాడి కంచంలోకి తోసేశారో, ఒక్కడినీ అడిగిన పాపాన పోలేదు. తన మీద తనకి అంత కోపం వస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. చెంప ఛెళ్ళుమనిపించుకోవాలనిపించింది. దానికి బదులు డబ్బాలోని గడ్డని చెంచాతో కసిగా గీకి, చెల్లెలి నోటికి అందించింది. చెల్లెలు చప్పరించి మింగింది. అలా అరగంటలో పది చెంచాలు.

గురువారం ముల్లు ముప్పై తొమ్మిది కిలోల ఏడు వందల దగ్గర ఆగింది. పోయినసారికన్నా రెండు వందల గ్రాములు ఎక్కువ, కావలసినదానికి మూడు వందలు తక్కువ. డాక్టరు మందు ఎక్కించనన్నాడు. వారం గడువిచ్చాడు. అప్పటికీ నలభై రాకపోతే ఆపేయడమే అన్నాడు. సైరన్ లేవబోయింది. చెల్లెలు చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. ఆ చేతిలో బలం ఏమీ లేదు, అందుకే సైరన్ కూర్చుంది.

వరండాలోకి వచ్చాక క్యాంటీన్‌కి ఫోన్ చేసి వారం రోజులు రానని చెప్పింది. ఇన్నేళ్ళలో అన్ని రోజులు ఎప్పుడూ మానలేదు.

"మానేసి ఏం చేస్తావు?" అంది చెల్లెలు.

"నీ ఎదురుగా కూర్చుంటా. నువ్వు తింటుంటే మొహం చూస్తా."

"అరుస్తావు."

"అరుస్తాను. అలవాటు ఒక్క రోజులో పోతుందా? నువ్వు తినలేకపోతే నాకన్నా గట్టిగా అరిచెయ్. అబద్ధం మాత్రం ఆడకు. చంపేస్తాను."

చెల్లెలి ఇంటికి వచ్చాక సైరన్ ఊరుకోలేకపోయింది. పప్పన్నం పల్చగా చేసి, వాసన రాకుండా పూర్తిగా చల్లార్చి, మెత్తటి గుడ్డలోంచి వడకట్టి తెచ్చింది. ఇదైనా దిగుతుందని గట్టి నమ్మకం. చెల్లెలు చెంచా వైపు చూసింది. పెదవులు అలవాటుగా తెరుచుకోబోయి ఆగిపోయాయి. మొహం ముడుచుకుంది.

"వద్దు!" అని అరిచింది చెల్లెలు. "నాకొద్దు! తినలేను! తీసెయ్!"

పక్కగదిలో రాసుకుంటున్న పిల్ల పరుగెత్తుకొచ్చింది. కింద కుట్టుమిషన్ ఆగింది. చెల్లెలు రొప్పుతూ, ఇప్పుడేమవుతుందోనని అక్కకేసి చూస్తోంది.

సైరన్ గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది. తిరిగొచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చెల్లెలి మొహంలోకి చూస్తూ, ఇంతవరకూ ఎవరినీ అడగని మాట అడిగింది.

"మరేం తింటావే?"