నిండుకున్న చెరువు

మనోజ్ఞకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున బందరులో వాళ్ళ వీధి వీధంతా ఆరా తీసింది. ఏం పనమ్మా అంటే, "మా కంపెనీలో ఫోను యాప్‌లు తయారుచేస్తారండీ. అవి జనం చేతికి వెళ్ళకముందే వాటిలో తప్పులు పట్టుకోవాలి," అంది.

ఎదురింటి జ్ఞానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఒకళ్ళు చేసినదానికి వంకలు పెడితే జీతమిస్తారటే! మేం ఇన్నేళ్ళూ ఊరికే పెట్టామే!"

పాపం, జ్ఞానమ్మకు తెలియనిదల్లా ఒకటే. ఆ ఆఫీసులో వంకలు పెట్టడానికి జీతమైతే ఇస్తారు గానీ, వంక మాత్రం పెట్టనివ్వరు.

యజమాని జగన్మోహనరావు గుడివాడ వైపు ఆసామి. ఒక యాప్‌ను పరీక్షించడానికి ఎన్నాళ్ళు పడుతుందో మనోజ్ఞ చెప్పాలి కదా? చెప్పేది పంతులుగారు. యాప్ విడుదలకు ముహూర్తం దగ్గర్లో కుదిరితే పరీక్ష మధ్యాహ్నానికల్లా ముగియాలి. మూఢం వస్తే నెలల తరబడి తీరిగ్గా చేసుకోవచ్చు. ఆ కంపెనీ యాప్ ఏదైనా సవ్యంగా పనిచేసిందంటే ఆ పుణ్యం శుక్రమూఢానిదే. పైగా ముహూర్తం పెట్టాక ఆఫీసులో 'ఫెయిల్' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగినంత అరిష్టమట.

ఆ మధ్య రొయ్యల చెరువులకని ఒక యాప్ చేశారు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోను అరిచి చెబుతుంది. వెంటనే ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికే చక్రాలు, అన్నీ వెయ్యాలి. ఆలస్యమైతే పంటంతా తేలిపోతుంది. ఫోను 'ఆక్సిజన్ లేదు' అని చెప్పేలా పెట్టారు. అది విని జగన్మోహనరావు చెవులు మూసుకున్నాడు.

"పొద్దున్నే లేదు, లేదు అని అరిపిస్తారా! ఇంట్లో బియ్యం అయిపోతే లేవంటామా? నిండుకున్నాయంటాం. ఆ మాట పెట్టండి."

పెట్టారు. ఆ సాయంత్రం మనోజ్ఞ ఆ మాటను ఇంట్లో వినిపించింది. తల్లి సరోజ, "అయిపోయిందనేగా," అంది. చెల్లెలు శ్రీజ, "ఫుల్లుగా ఉందని," అంది. మర్నాడు మనోజ్ఞ యజమానితో, "మా ఇంట్లోనే చెరో అర్థం చెప్పారండీ. రైతుల దగ్గర ఒకసారి వినిపించి చూద్దాం," అని బతిమాలింది.

"మీ ఇంట్లోవాళ్ళకి తెలుగు రాకపోతే నేనేం చెయ్యనమ్మా! ఎల్లుండే ముహూర్తం."

దివిసీమలో, పాలకాయతిప్ప దారిలో ఉన్న యలమంద అనే రైతు చెరువు మీద ప్రారంభం. తెల్లవారకముందే షామియానా, జగన్మోహనరావు బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ. హారతి ముగిసేదాకా నోరు మెదపొద్దని మనోజ్ఞకు కారులోనే చెప్పి తెచ్చారు. మెదిపితే ఉద్యోగం ఉండదని కూడా చెప్పారు.

కొబ్బరికాయ పగిలింది. వాళ్ళ అదృష్టమో, రొయ్యల దురదృష్టమో, ఫోను నిజంగానే అరిచింది. "ఆక్సిజన్ నిండుకుంది! ఆక్సిజన్ నిండుకుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. యలమంద కళ్ళు మెరిశాయి. "నిండిపోయిందంటండీ బాబూ! ఇంక కరెంటెందుకు దండగ," అంటూ వెళ్ళి, తిరుగుతున్న ఏరేటర్లు కాస్తా కట్టేశాడు. జగన్మోహనరావు పక్కనే నిలబడి ఫొటోకి నవ్వుతున్నాడు. చెరువు గట్టున పుట్టినవాడే, ఆ మాట పెట్టించినవాడే, అయినా ఆయనకూ తట్టలేదు!

మనోజ్ఞ హారతి వైపు చూసింది. గట్టువారగా నీళ్ళమీదికి రొయ్యల మీసాలు ఒకటొకటిగా తేలుతున్నాయి. ఇంక ఆగలేకపోయింది.

"ఫెయిల్! ఫెయిలండీ!" అని అరిచింది.

యలమంద ఉలిక్కిపడ్డాడు. "ఎవరమ్మాయ్ ఫెయిలు?"

"మేమే బాబాయ్! ఆక్సిజన్ అయిపోయింది. అన్నీ వెయ్యండి, తొందరగా!"

"అయిపోతే అయిపోయిందని ఏడవచ్చుగా! బియ్యం డబ్బా అనుకున్నారా నా చెరువుని?" అని తిడుతూనే పరుగెత్తి స్విచ్చులన్నీ వేశాడు. కాసేపటికి మీసాలు కిందికి దిగాయి. పంట దక్కింది.

తిరుగు దారిలో జగన్మోహనరావు గంభీరంగా అన్నాడు. "చూశావా, నువ్వు టెస్టింగు సరిగ్గా చెయ్యకపోతే ఎలా ఉంటుందో?"

"చేశానండీ. మీరే విన్లేదు."

ఆయన ఉద్యోగం తియ్యలేదు. తీస్తే రేపు తప్పు ఎవరిమీదికి నెడతాడు? మరీ బుద్ధి రాలేదనడానికీ లేదు. ఇప్పుడు టెస్టింగుకు కూడా ముహూర్తం పెట్టిస్తున్నాడు. ఆ గడియ దాటాక దొరికిన తప్పు తప్పు కాదట.

అందుకే ఇప్పుడు ఏ యాప్ తయారైనా మనోజ్ఞ ముందు ఫోను తెచ్చి జ్ఞానమ్మ చేతిలో పెడుతోంది. 'రొయ్యలకు ఊపిరాడట్లేదు, ఏరేటర్లు వెయ్యండి' అన్న మాట ఆవిడ అరుగుమీద తేలిందే. జ్ఞానమ్మ దానికీ ఒక వంక పెట్టింది.

"అంత మెల్లగా చెబుతుందేమే? ఎవరో పోతుంటే ఇలాగే చెబుతారా?"

మనోజ్ఞ నవ్వి రాసుకుంది.